పాఠ్యపుస్తకంలోని పటానికి లెక్క ఎవరి దగ్గరుంది?

పుదుచ్చేరి పటాన్ని ఒక్క గీతతో గీయడం ఎవరి వల్లా కాదు. కేంద్రపాలిత ప్రాంతం పేరు ఒకటే గానీ నేల నాలుగు చోట్ల ఉంది: పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరంలో, మాహే కేరళ తీరంలో, యానాం గోదావరి ఒడ్డున. ఆ నాలుగింటిలో పుదుచ్చేరి కూడా మళ్లీ ఒకే ముక్క కాదు. డజను దాకా చిన్నా పెద్దా ముక్కలు తమిళనాడు ఊళ్ల మధ్య చెదిరి ఉంటాయి. విమానాశ్రయం ఉన్న లాస్‌పేట నుంచి కడలూరుకు బయల్దేరితే ముప్పై కిలోమీటర్లు కూడా లేని దారిలో రాష్ట్రం మారి, మళ్లీ మారుతుంది. ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఊళ్లు పంచుకున్న తీరు అది. ఇలాంటి నేలను పుస్తకంలో వేయాలంటే పేజీలు పెట్టే ఆపరేటరుకు ముందే ఒక సందేహం వస్తుంది: ఈ ముక్కలన్నీ కలిపి ఒక ఆకారమా, లేక పన్నెండు ఆకారాలా? అచ్చయిన పేజీని చూసే పిల్లవాడికి ఆ తేడా తెలియదు. అదే పేజీని పదేళ్ల తర్వాత తెరిచి మార్చాల్సిన మనిషికి తెలుస్తుంది. నా వాదన ఈ రెండో మనిషి తరఫున. ప్రజల డబ్బుతో తయారయ్యే పాఠ్యపుస్తకాల్లోని పటాలూ రేఖాచిత్రాలూ ఒక్క పీడీఎఫ్‌గా మిగిలిపోకూడదు. ఏ బిందువు ఎక్కడుందో, ఏ వంపు ఎటు తిరిగిందో చెప్పే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ప్రభుత్వం చేతిలో ఉండాలి, అడిగిన వాళ్లకు దొరకాలి.

ఆ లెక్కను దగ్గరగా చూస్తే అందులో మంత్రమేమీ లేదని తెలుస్తుంది. అడోబీ కంపెనీ పేజీల సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో పెట్టిన పేజీలను ఐడీఎంఎల్ అనే ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఎగుమతి చేస్తే వచ్చేది ఒక జిప్ మూట. విప్పితే పాఠానికి ఒక ఫోల్డరు, పేజీల జతలకు ఒక ఫోల్డరు, రంగులకూ ఫాంట్లకూ స్టైళ్లకూ మరొకటి కనిపిస్తాయి. లోపలి ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటాయి. పేజీ మీదున్న ప్రతి ఆకారానికీ ‘పాత్ జామెట్రీ’ అనే భాగం ఉంటుంది. గీత మూసుకుందా తెరిచి ఉందా అన్నది మొదట రాసి, దాని కింద ‘పాత్ పాయింట్ల’ను వరుసగా ఇస్తారు. ఒక్కో పాయింటుకు మూడు జతల అంకెలు: బిందువు ఉన్న చోటు, గీత అందులోకి వచ్చే వైపు హ్యాండిల్ కొస, బయటికి వెళ్లే వైపు హ్యాండిల్ కొస. పెన్ టూల్‌తో బొమ్మలు గీసే ఆపరేటర్లు రోజూ లాగే హ్యాండిళ్లు ఇవే. మూడు జతలూ ఒకటే అయితే అక్కడ మూల ఉన్నట్టు, వేరైతే వంపు ఉన్నట్టు. కొలత అంతా పాయింట్లలో, అంటే అంగుళంలో 72వ వంతుల్లో. దీర్ఘచతురస్రానికి నాలుగు బిందువులు చాలు. వృత్తానికీ నాలుగే చాలతాయంటే మొదట నమ్మబుద్ధి కాదు. 100 పాయింట్ల వ్యాసమున్న సున్నకు పైనా కిందా కుడీ ఎడమా ఒక్కో బిందువు పెట్టి, ఒక్కోదానికి రెండు వైపులా 27.6 పాయింట్ల హ్యాండిల్ ఇస్తే సరిపోతుంది. నిజమైన వృత్తానికీ దీనికీ తేడా ఎంత ఎక్కువగా ఉన్న చోట చూసినా మిల్లీమీటరులో 200వ వంతు దాటదు. 2400 డీపీఐ ప్లేటు మీద పడే ఒక్క చుక్కలో అది సగం కూడా కాదు.

ఈ వంపుల గణితానికి రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియే పేరు నిలిచిపోయింది. అదే లెక్కను సిట్రోయెన్‌లో పని చేసిన పాల్ ద కాస్టెల్జో 1959 నాటికే సాధించాడు. ఆయన కంపెనీ దాన్ని రహస్యంగా దాచుకుంది, బెజియే ప్రచురించాడు. పేరు ఎవరికి దక్కిందో చూశాం కదా.

పటాల్లో అసలు చిక్కు వంపులతో రాదు, చిల్లులతో వస్తుంది. యానాం చుట్టూ 2022 దాకా ఉన్నది ఒకే జిల్లా, తూర్పు గోదావరి. కాబట్టి ఆ జిల్లా ఆకారం సరిగా ఉండాలంటే రెండు మూసిన గీతలు కావాలి. బయటి హద్దుకు ఒకటి, లోపల యానాం చుట్టూ మరొకటి. ఫైల్లో ఈ రెండూ ఒకే వస్తువు కింద రెండు పాత్‌లుగా ఉంటాయి. బయటిది ఒక దిశలో తిరిగితే లోపలిది ఎదురు దిశలో తిరగాలి. అప్పుడే సాఫ్ట్‌వేరు మధ్య భాగాన్ని ఖాళీగా వదిలి మిగతా అంతా రంగు నింపుతుంది. బిందువుల వరుస తిరగబడిందంటే చిల్లు మూసుకుపోవచ్చు. అసెంబ్లీలో తీర్మానం లేకుండా, ఢిల్లీలో చట్టం లేకుండా, యానాం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోతుంది! 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు ఈ లెక్క మళ్లీ మారింది. తూర్పు గోదావరి విడిపోయి యానాం ఒక వైపు కాకినాడ జిల్లా నేలకూ, గౌతమి పాయ అవతల కోనసీమకూ మధ్య పడింది. నిన్నటి దాకా చిల్లుగా ఉన్నది రెండు జిల్లాల అంచున నొక్కుగా మారింది. గీసిన బొమ్మను కళ్లతో చూసి దిద్దే వాళ్లు ఈ తేడాను దాటేయవచ్చు. బిందువుల వరుస చేతిలో ఉన్న వాళ్లకు మాత్రం పాత హద్దులో ఏ భాగం కాకినాడకు వెళ్లింది, ఏ భాగం కోనసీమకు వెళ్లింది, రెంటికీ కొత్తగా ఏ గీత చేరింది అన్నది లెక్కలోనే తేలిపోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పని ఒక్కసారితో అయిపోయింది కాదు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 26 జిల్లాలు వచ్చిన ఏడాదిలోనే కోనసీమ పేరు ముందు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరింది. వీటిలో కొన్ని హద్దుల మార్పులు, కొన్ని ఉత్త పేర్ల మార్పులు. హద్దు మారితే కొన్ని బిందువులు మారతాయి, పేరు మారితే ఒక్క మాట మారుతుంది. రెంటికీ పటాన్ని మొదటి నుంచి గీయాల్సిన అవసరం లేదు. అయినా మళ్లీ గీయాల్సి వస్తోందంటే, పటం మన దగ్గర బొమ్మగా మాత్రమే మిగిలిందని అర్థం. దీనికి తోడు 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. తర్వాత తెలంగాణ కూడా అదే దారి పట్టింది. అంటే ఒకే పటం పక్కపక్క పేజీల్లో రెండుసార్లు వస్తుంది, అక్షరాలే వేరు. గీతలూ మాటలూ వేరు వేరుగా ఉన్న ఫైల్లో ఇది నిమిషాల పని. రెండూ కలిసి అతుక్కుపోయిన జేపీజీ అయితే తెలుగు పేరు మీద తెల్లరంగు పూసి ఇంగ్లీషు పేరు ఎక్కించాలి. ఆ తెల్లరంగు కింద నది ఉంటే నది కూడా పోతుంది.

బొమ్మ మీద బొమ్మ పెట్టి మళ్లీ గీసుకోవడంలో ఇంకో నష్టం ఉంది. పక్కపక్కనున్న రెండు జిల్లాలకు హద్దు ఒకటే అయినా ఫైల్లో అది రెండుసార్లు ఉంటుంది, ఈ జిల్లా ఆకారంలో ఒకసారి, ఆ జిల్లా ఆకారంలో ఒకసారి. రెండు చోట్లా అవే అంకెలుంటే రంగులు అతికినట్టు కలుస్తాయి. ఒక్కో జిల్లాను విడివిడిగా మౌసుతో గీస్తే బిందువులు కాస్త అటూ ఇటూ పడతాయి. మధ్యలో సన్నని తెల్ల చారలు, కొన్ని చోట్ల రంగు మీద రంగు. అచ్చులో అది హద్దు గీతలా కనబడుతుంది, లేని నదిలా కూడా కనబడుతుంది. పాత పటం నుంచి కొత్త పటం, దాన్నుంచి ఇంకో పటం అని దించుకుంటూ పోయే కొద్దీ తీరప్రాంతం కాస్త కాస్త జరుగుతూ పోతుంది. ఎవరి తప్పని చెప్పలేం. ఏ దశలో ఎంత జరిగిందో చూపే అంకె ఎక్కడా లేదు కాబట్టి.

పీడీఎఫ్ ఉంది కదా, అదేమైనా తక్కువా అని అడగవచ్చు. తక్కువేం కాదు. అది 2008 నుంచి ఐఎస్ఓ ప్రమాణం. అందులోనూ గీతలు బిందువులుగా, వంపులుగానే ఉంటాయి. ఇంక్‌స్కేప్‌లో తెరిచి లాక్కోవచ్చు కూడా. ప్రెస్సుకు పంపడానికీ, తల్లిదండ్రులు ఫోనులో చూసుకోవడానికీ దాన్ని మించింది లేదు. కానీ పీడీఎఫ్ పని పేజీ ఎలా కనబడాలో చెప్పడంతో అయిపోతుంది. మామూలుగా తయారైన పీడీఎఫ్‌లో కాకినాడ జిల్లా అంటే ఈ బిందువుల మధ్య ఈ రంగు నింపు అనే ఆదేశం, అంతే. ఐడీఎంఎల్‌లో అదే ఆకారానికి పేరు పెట్టవచ్చు, ఏ లేయరులో ఉందో చెప్పవచ్చు, ఏ రంగును ఏ పేరుతో వాడారో రాసి ఉంటుంది. ఇక తెలుగు పాఠం సంగతి. పీడీఎఫ్ నుంచి ఒక తెలుగు వాక్యం కాపీ చేసి వేరే చోట పెట్టి చూసిన వాళ్లకు ఒత్తులూ గుణింతాలూ ఎలా చెల్లాచెదురవుతాయో తెలుసు. ముక్కలై కనబడే అక్షరాలను తిరిగి యూనికోడ్ వరుసలోకి తేవడం పీడీఎఫ్‌కు చాలాసార్లు చేత కాదు. జిల్లా పేర్లే సరిగా రాని ఫైలును మూలప్రతి అని దాచుకోవడం నాకు అర్థం కాని పొదుపు.

హద్దుల వివరాలు ప్రభుత్వ భౌగోళిక సమాచార వ్యవస్థ (జీఐఎస్)లో భద్రంగా ఉంటాయి, పుస్తకం ఫైలుతో పనేముంది అనేది ఇంకొంచెం లోతైన ప్రశ్న. జీఐఎస్‌లో ఉండేది నేల, పుస్తకంలో ఉండేది పేజీ. గోదావరి డెల్టా తీరానికి అక్కడ వేల బిందువులు ఉండవచ్చు. అరచేతి వెడల్పు పటంలో అవన్నీ వేస్తే గీత ముద్దగా తయారవుతుంది. ఏ వంపు ఉంచాలి, ఏది తీసేయాలి, కొల్లేరును ఎంత సైజులో చూపాలి, చిన్నదైన యానాం కనబడాలంటే దాన్ని ఎంత పెంచి గీయాలి అన్నవి పటం గీసే మనిషి తీసుకునే నిర్ణయాలు. తక్కువ బిందువులతో గీతను నిలబెట్టే పద్ధతి ఒకటి 1973లోనే డగ్లస్, ప్యూకర్ అనే ఇద్దరు చెప్పారు. యంత్రం అంతవరకు చేస్తుంది, ఆ తర్వాతిది మనిషి చేయాలి. ఆ పని మిగిలి ఉండేది పేజీ ఫైల్లోనే. జీఐఎస్ నుంచి పేజీకి తెచ్చే దారిలో కూడా గుంటలున్నాయి. అక్షాంశాలు ఉత్తరానికి పోయే కొద్దీ పెరుగుతాయి, పేజీ మీద కొలత కిందికి పోయే కొద్దీ పెరుగుతుంది. గుర్తు తిప్పకపోతే శ్రీకాకుళం అడుగున, చిత్తూరు పైన తేలతాయి. పైగా ఐడీఎంఎల్‌లో పేజీల జతకు మూలబిందువు మూలలో ఉండదు, నట్టనడుమ ఉంటుంది. ఒక్కో వస్తువును అక్కడి నుంచి ఎంత జరపాలో, తిప్పాలో, పెంచాలో ఆరు అంకెలు చెబుతాయి. ఒకసారి ఎవరో కష్టపడి సరిచేసిన ఈ లెక్కంతా ఫైలుతో పాటు ఆపరేటరు కంప్యూటర్లోనే ఉండిపోతే, వచ్చే ఏడు టెండరు దక్కించుకున్నవాడు మొదటి నుంచి మొదలుపెడతాడు. బిల్లు కూడా మొదటి నుంచే మొదలవుతుంది.

ఐడీఎంఎల్ ఒక కంపెనీ సొత్తు కదా, దాన్ని నమ్ముకుని ప్రభుత్వ పత్రాలు దాచడం ఏమిటన్న అభ్యంతరంలో బలముంది. తెలుగు అచ్చు ప్రపంచానికి ఆ దెబ్బ తెలుసు. పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001లో వచ్చింది. మన ప్రెస్సులు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే పేజీలు పెట్టాయి. ఆ ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా తెరవగలిగారు, ఆ తర్వాతి వెర్షన్లు ఆ తలుపు మూసేశాయి. లోపలి పాఠం కూడా యూనికోడ్ కాదు, ఆ ఫాంటు ఉంటే తప్ప అది తెలుగే కాదు. పత్రికల వెబ్‌సైట్లు తలో ఫాంటు పెట్టుకున్న రోజుల్లో వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు రావాల్సి వచ్చింది. ఈ అనుభవం ఎక్స్‌ఎంఎల్‌కు వ్యతిరేకమని నేననుకోను, నిజానికి అది ఎక్స్‌ఎంఎల్ వైపే చూపుతోంది. ఇన్‌డిజైన్ సీఎస్4తో పాటు 2008లో వచ్చిన ఐడీఎంఎల్‌కు అడోబీ వివరణ పత్రం బహిరంగంగా ఇచ్చింది. దాన్ని చదివి క్వార్క్ వాళ్లూ, అఫినిటీ వాళ్లూ, ఉచితంగా దొరికే స్క్రైబస్ వాళ్లూ ఆ ఫైళ్లను తెరిచే ఏర్పాటు చేసుకున్నారు. రేపు అడోబీ దుకాణం కట్టేసినా బిందువుల అంకెలు అక్కడే ఉంటాయి. ఓపికున్న పాలిటెక్నిక్ విద్యార్థి పైథాన్‌తో వాటిని బయటికి తీయగలడు. కంపెనీ పేరే వద్దనుకుంటే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2001లో ప్రమాణంగా తెచ్చిన ఎస్‌వీజీలో పటాలను అదనంగా దాచవచ్చు. అందులోనూ అవే బిందువులు, అవే హ్యాండిళ్లు. ఏ ఎక్స్‌ఎంఎల్ అన్నదాని మీద నాకు పట్టుదల లేదు. మూసిన పెట్టె మాత్రం వద్దు.

గీతలు అందరి చేతికీ ఇస్తే హద్దులు మార్చి దుష్ప్రచారం చేస్తారన్న భయం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఫొటోషాప్ వచ్చిన నాటి నుంచి ఎవరైనా ఏ పటాన్నైనా మార్చగలుగుతున్నారు. దేశ సరిహద్దులకు సర్వే ఆఫ్ ఇండియా ప్రమాణం ఎలాగూ ఉంది. పైగా 2021 ఫిబ్రవరిలో కేంద్రమే భౌగోళిక సమాచారం మీద ఆంక్షలు చాలా వరకు సడలించింది. బిందువుల ఫైలుకున్న సుగుణం ఏమిటంటే, అసలుదీ మార్చినదీ పక్కన పెట్టి వరుస వరుసకూ పోల్చితే ఏ అంకె కదిలిందో దొరికిపోతుంది. జేపీజీలో ఆ సౌకర్యం లేదు.

ఈ బిందువుల మోజు అక్షరాల దాకా పోకూడదు. ఫాంటు దొరకదేమోనన్న భయంతో తెలుగు డీటీపీ సెంటర్లలో పాఠాన్ని ‘కర్వ్స్’ చేసి పంపడం అలవాటు. పెళ్లికార్డుకూ ఫ్లెక్సీకీ అది సరిపోతుంది. పాఠ్యపుస్తకంలో అలా చేస్తే అక్షరం అక్షరంగా ఉండదు. ‘కాకినాడ’ అన్న మాట వందకు పైగా బిందువుల గుట్టగా మారుతుంది. వెతికితే దొరకదు, చూపులేని పిల్లల కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేరు దాన్ని పలకలేదు, పేరు మార్చాలంటే చెరిపి మళ్లీ రాయాలి. ఫాంటు దొరకదన్న సాకు ఇప్పుడు పెద్దగా నిలవదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామరాజ, సూరన్న, పొన్నాల వంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కాబట్టి నేలకు బిందువులు, పేరుకు యూనికోడ్. రెండూ ఒకే ఫైల్లో, వేరు వేరు లేయర్లలో.

ఇదంతా చేయగలిగిన చేతులు మనకు లేవా అంటే, లాస్‌పేట పక్కనే ఉన్నాయి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పాక్కముడయాన్‌పేటలో 1994 నుంచి నడుస్తున్న ఇంటెగ్రా సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ వంటి సంస్థలు యూరప్, అమెరికా ప్రచురణకర్తల పుస్తకాలకూ జర్నళ్లకూ ఇక్కడి నుంచే పేజీలు పెట్టి పంపుతాయి. ఆ ప్రచురణకర్తలు అచ్చు ప్రతితో తృప్తి పడరు, నిర్మాణం తెలిసే ఎక్స్‌ఎంఎల్ కూడా కావాలంటారు. అది ఒప్పందంలోనే రాసి ఉంటుంది కాబట్టి ఆపరేటర్లు ఆ పని నేర్చుకుంటారు. లాస్‌పేటలోని మోతీలాల్ నెహ్రూ ప్రభుత్వ పాలిటెక్నిక్ నుంచి కాకినాడ పాలిటెక్నిక్ దాకా ఈ పని నేర్చుకోగల విద్యార్థులకు కొరత లేదు. యానాం బడులు చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలతోనే నడిచాయి కాబట్టి ఇందులో పుదుచ్చేరికీ తెలుగు రాష్ట్రాలకూ ఉమ్మడి ప్రయోజనం కూడా ఉంది. కొరతల్లా అడిగే వాళ్లకే. పాఠ్యపుస్తకాల పేజీల పనికి టెండరు పిలిచేటప్పుడు నాలుగు వాక్యాలు చేర్చితే చాలు: పీడీఎఫ్‌తో పాటు ఎక్స్‌ఎంఎల్ రూపం ఇవ్వాలి, పటంలోని ప్రతి జిల్లాకూ ఫైల్లో దాని పేరే ఉండాలి, అక్షరాలను కర్వ్స్ చేయకూడదు, పక్కపక్క జిల్లాల ఉమ్మడి హద్దుకు రెండు చోట్లా ఒకే అంకెలుండాలి. ఫైలు అందిన రోజే దాన్ని వేరే కంప్యూటర్లో, వేరే సాఫ్ట్‌వేరులో తెరిచి, ఒక జిల్లా రంగూ ఒక పేరూ మార్చి చూసి, అప్పుడు బిల్లు మీద సంతకం పెట్టాలి.